షికాగో: ఊరు కట్టినవాళ్లు, అద్దె కట్టినవాళ్లు

షికాగో పేరు తెలుగువాళ్లకు స్కూల్ రోజుల నుంచే పరిచయం. 1893 సెప్టెంబర్‌లో వివేకానందుడు మాట్లాడింది అక్కడే. ఎనిమిది గంటల పనిదినం కోసం 1886లో కార్మికులు రోడ్డెక్కింది, ఆ తర్వాత మే డేకు ప్రాణం పోసింది కూడా అక్కడే. ఒకదాన్ని పాఠంలో చదువుకుంటాం, రెండోదాన్ని ఎర్రజెండా ఎగరేసే చోట వింటాం. రెంటికీ మధ్య ఏడేళ్లే తేడా, అయినా ఈ రెండు కథలనూ కలిపి చెప్పేవాళ్లు తక్కువ. కలిపి చూస్తేనే అసలు ప్రశ్న బయటపడుతుంది. 1893లో ప్రపంచాన్నంతా పిలిచి అంతర్జాతీయ ప్రదర్శన అనే ఉత్సవం చేసుకునేంత సంపద ఆ ఊరికి యాభై ఏళ్లలో ఎక్కణ్నుంచి వచ్చింది? ఆ సంపదను తమ చేతులతో తయారుచేసినవాళ్లు ఎలాంటి ఇళ్లలో బతికారు?

1840 జనాభా లెక్కల్లో షికాగోలో ఉన్నది 4,470 మంది. 1850కి దాదాపు 30 వేలు, 1870కి దాదాపు 3 లక్షలు, 1890కి 11 లక్షలు, 1910కి దాదాపు 22 లక్షలు. ఇందులో ఒక మెలిక ఉంది. 1889లో చుట్టుపక్కల టౌన్‌షిప్పులను, 125 చదరపు మైళ్ల నేలను, ఒక్కసారిగా నగరంలో కలిపేశారు, కాబట్టి 1880కీ 1890కీ మధ్య జనం రెట్టింపు దాటడంలో కొంత వాటా హద్దులు మారడానిది. ఆ వాటా తీసేసినా మిగిలేది మామూలు పెరుగుదల కాదు. 1890లో ఆ నగరంలో ప్రతి 10 మందిలో నలుగురు వేరే దేశంలో పుట్టినవాళ్లు. వాళ్లకు అమెరికాలో పుట్టిన పిల్లలను కూడా కలిపితే జనాభాలో నాలుగింట మూడొంతులు దాటిపోతుంది. అంటే షికాగో అనే అమెరికన్ ఊళ్లోకి వలసవాళ్లు వచ్చి చేరారనడం సరికాదు, వాళ్లే ఆ ఊరు.

వలస గురించి చెప్పేటప్పుడు చాలామంది వరసను తలకిందులు చేస్తారు. జనం ఎక్కువగా వచ్చేశారు, అందుకే మురికివాడలు పుట్టాయి, అందుకే రోగాలు, లంచగొండి రాజకీయం వచ్చాయి అని. కానీ ముందు వచ్చింది పని. 1836లో ఇల్లినాయ్ - మిషిగన్ కాలువ తవ్వకం మొదలైంది, మహా సరస్సులను మిసిసిపీ వైపు పారే నదులతో కలపడానికి. తవ్వినవాళ్లలో ఎక్కువ మంది ఐర్లండ్ నుంచి వచ్చిన కూలీలు. మధ్యలో డబ్బు అయిపోతే కూలీ బదులు చీటీలు చేతిలో పెట్టారు, ఆ చీటీలు ఇచ్చి భూమి కొనుక్కోవచ్చన్నారు. కాలువ మొదట్లో వాళ్లు గుడిసెలు వేసుకున్న చోటే తర్వాత బ్రిడ్జ్‌పోర్ట్ అనే పేట అయింది. 1848లో కాలువ తెరిచారు, అదే ఏడాది ఊరి మొదటి రైలు కూడా కదిలింది. ఇక ఆ తర్వాత పడమటి మైదానాల గోధుమ, పశువులు, కలప అన్నీ షికాగో మీదుగా వెళ్లకతప్పని పరిస్థితి.

1865 క్రిస్మస్ రోజున యూనియన్ స్టాక్ యార్డ్స్ తెరిచారు. రైలు కంపెనీలు కలిసి కట్టుకున్న పశువుల సంత అది. ఐసు పెట్టెల రైలు బోగీలు వచ్చాక అక్కడ కోసిన మాంసం న్యూయార్క్ దాకా పాడవకుండా వెళ్లడం మొదలైంది, స్విఫ్ట్, ఆర్మర్ లాంటి కంపెనీలు ఆకాశానికి ఎదిగాయి. 1900 నాటికి ఆ యార్డుల్లో పనిచేసేవాళ్లు 25 వేల పైమాటే. అక్కడ జరిగిన అసలు మార్పును గమనించాలి. ఊళ్లో కసాయి ఒక్కడే పశువును మొదటి నుంచి చివరి దాకా కోస్తాడు, అది ఏళ్ల తరబడి నేర్చుకునే పని. యార్డుల్లో ఆ పనిని ముక్కలు చేశారు. వేలాడే కళేబరం ముందుకు కదులుతుంటే ఒకడు ఒకే చోట ఒకే గాటు పెడతాడు, పక్కవాడు ఇంకో గాటు. 1904లో అక్కడి పనిని పరిశీలించిన ఆర్థికవేత్త జాన్ కామన్స్ 30కి పైగా ప్రత్యేక పనులు, గంటకు 16 సెంట్ల నుంచి 50 సెంట్ల దాకా 20 రకాల కూలీ రేట్లు ఉన్నాయని లెక్క తేల్చాడు.

ఒక గాటు నేర్చుకోవడానికి భాష అక్కర్లేదు, ఏళ్ల శిక్షణ అంతకన్నా అక్కర్లేదు. నిన్న ఓడ దిగినవాడిని ఇవాళ నిలబెట్టొచ్చు, రేపు తీసేయొచ్చు. తెల్లవారకముందే గేటు దగ్గర వందల మంది నిలబడేవారు, కంపెనీ మనిషి వచ్చి నువ్వు, నువ్వు అని వేలు చూపించి లోపలికి తీసుకెళ్లేవాడు. మన ఊళ్లలో అడ్డా మీద కూలీలు నిలబడే దృశ్యం చూసినవాళ్లకు ఇది వివరించి చెప్పక్కర్లేదు. నైపుణ్యాన్ని యంత్రంలా విడగొట్టిన ఈ పద్ధతికి ఎప్పుడూ కొత్తవాళ్లు కావాలి, ఎప్పుడూ అవసరానికి మించి ఎక్కువ మంది గేటు బయట ఉండాలి. జర్మన్లు, ఐరిష్‌వాళ్లు వచ్చారు, తర్వాత చెక్‌లు, పోలండ్‌వాళ్లు, ఆ తర్వాత లిథువేనియన్లు, స్లొవాక్‌లు. ఒక్కో గుంపు కాస్త నిలదొక్కుకుని కూలీ పెంచమని అడిగే సమయానికి గేటు బయట ఇంకో భాష వినిపించేది.

ఇంత మందిని ఎవరు పిలిచారు? విదేశాల్లో ముందే ఒప్పందం రాయించుకుని కూలీలను దించడాన్ని 1885లో చట్టం చేసి ఆపేశారు, అయినా వలస ఆగలేదు. ఎందుకంటే అంతకు మించి బలమైన ఏర్పాటు ఒకటి అప్పటికే నడుస్తోంది: ముందు వెళ్లినవాళ్లు ఇంటికి రాసే ఉత్తరం. ఫలానా ఫ్యాక్టరీలో మా ఫోర్‌మన్ మనవాడే, టికెట్ పంపిస్తున్నా, తమ్ముడిని పంపించండి. స్టీమర్ కంపెనీలు అమెరికాలోనే డబ్బు కట్టించుకుని టికెట్‌ను యూరప్‌లోని పల్లెకు పంపే సదుపాయం పెట్టాయి. నెలకు పైగా పట్టే ప్రయాణం ఆవిరి ఓడల వల్ల ఒకటి రెండు వారాలకు తగ్గింది. అందుకే షికాగోలో ఒక వీధిలో ఒకే పల్లెవాళ్లు వరసగా కనిపించేవారు. విదేశాలకు వెళ్లిన మన కుటుంబాల్లో కూడా ఒకరి వెనక ఒకరు ఎలా వెళ్లారో చూస్తే ఇదే దారం కనిపిస్తుంది. చెప్పాల్సిన ఇంకో సంగతి, అందరూ ఉండిపోదామని రాలేదు. నాలుగు డబ్బులు వెనకేసుకుని, ఊళ్లో పొలం కొనుక్కోవాలని వచ్చినవాళ్లు చాలామంది, ముఖ్యంగా దక్షిణ ఇటలీ నుంచి. వాళ్లలో పెద్ద సంఖ్యలో తిరిగి వెళ్లిపోయారు కూడా.

వచ్చినవాళ్లు ఎక్కడ పడుకున్నారు అన్న దగ్గర కథ అసలు మొదలవుతుంది. న్యూయార్క్ అంటే ఐదారు అంతస్తుల ఇరుకు టెనెమెంట్ భవనాలు గుర్తొస్తాయి. షికాగో తీరు వేరు. అక్కడ స్థలాలు మామూలుగా 25 అడుగుల వెడల్పు, 125 అడుగుల లోతు ఉండేవి. ముందు ఒక చిన్న చెక్క ఇల్లు, డబ్బు చేతిలో పడ్డాక దాన్నే ఎత్తి కింద ఇంకో వాటా, తర్వాత పెరట్లో మరో ఇల్లు. వీధిలోంచి చూస్తే అంత ఘోరంగా ఏమీ కనపడదు. వెనకకు వెళ్తే గాలి వెలుతురు లేని గదులు, గుర్రపుశాలలు, మరుగుదొడ్ల గుంటలు.

చెక్క ఇళ్లే ఎందుకు అన్నదానికీ ఒక కథ ఉంది. 1871 అక్టోబర్‌లో వచ్చిన మహా అగ్నిప్రమాదంలో దాదాపు 300 మంది చనిపోయారు, లక్ష మంది ఇళ్లు పోగొట్టుకున్నారు. ఇక ఊరంతా ఇటుకతోనే కట్టాలని పాలకులు నిబంధన తేబోయారు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ 1872 జనవరిలో ఉత్తరం వైపు పేటల జర్మన్ కార్మికులు సిటీ కౌన్సిల్ మీదికి ఊరేగింపుగా వెళ్లారు. ఇటుకతో కట్టే స్తోమత మాకు లేదు, ఈ నిబంధన పెడితే మా స్థలాలు అమ్ముకుని అద్దె ఇళ్లకు పోవడమే అని వాళ్ల గోడు. చివరికి మధ్యలో ఇటుక, అంచుల్లో చెక్క అని రాజీ కుదిరింది. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. నిప్పుకు భయపడని ఇల్లు కట్టుకోవడానికి సాయం చేసే మూడో దారి ఆ నగరానికి తట్టలేదు, అదే అసలు లోపం.

ఆ ఇళ్ల ఖర్చు ఎలా గడిచేదంటే బోర్డర్లతో, అంటే డబ్బు కట్టి అదే ఇంట్లో తిని పడుకునేవాళ్లతో. యార్డుల వెనక ఉన్న పోలిష్, లిథువేనియన్ కుటుంబాలు మూడు నాలుగు గదుల ఇంట్లోనే పెళ్లికాని కుర్రాళ్లను అద్దెకు పెట్టుకునేవి. రాత్రి షిఫ్ట్‌వాడు లేచి వెళ్తే అదే మంచం మీద పగటి షిఫ్ట్‌వాడు పడుకునే ఇళ్లూ ఉండేవి. ఆ మగవాళ్లందరికీ వండి పెట్టి, నెత్తురు కారే బట్టలు ఉతికి, నీళ్లు కాచి పోసింది ఆ ఇంటి ఆడమనిషి. ఆ పని ఏ కంపెనీ జీతాల పుస్తకంలోనూ లేదు. కానీ గంటకు 16 సెంట్లు ఇచ్చి కంపెనీ ఒక మనిషిని బతికించగలిగిందంటే, ఆమె వెట్టిచాకిరీ లాంటి శ్రమ దాని కింద ఉంది కాబట్టే. పారిశ్రామిక నగరాల చరిత్రలో ఉక్కు గురించి, రైళ్ల గురించి ఎన్ని పేజీలు రాశారో ఆ వంటిళ్ల గురించి అందులో పదోవంతు కూడా రాయలేదు, ఇది నిజంగా బాధ కలిగించే విషయం.

అలా కూడబెట్టి చాలామంది సొంత ఇల్లు కూడా కొన్నారు. చెక్‌లు, పోలండ్‌వాళ్లు తమలో తామే పొదుపు - రుణ సంఘాలు పెట్టుకున్నారు, వారం వారం కొంత కట్టడం, వంతు వచ్చినప్పుడు ఇంటికి అప్పు తీసుకోవడం. చీటీలు నడిపే అలవాటున్న మనకు ఇది కొత్తగా అనిపించదు. చర్చి కూడా వాళ్లే కట్టుకున్నారు, పక్కనే సొంత భాషలో బడి, సొంత పత్రిక, చావుకి డబ్బిచ్చే సంఘం. కానీ దీనికీ మూల్యం ఉంది: అప్పు వాయిదా కట్టడానికి పిల్లాడిని పద్నాలుగేళ్లకే బడి మాన్పించి పనిలో పెట్టడం. ఇల్లు దక్కింది, చదువు పోయింది.

మరి నగర పాలకులు ఏమీ చెయ్యలేదా అంటే, చేశారు, అది కూడా ప్రపంచం నోరు వెళ్లబెట్టేంత. 1850లలో బురదలో మురుగు పైపులు వేయడానికి వీధులనే కొన్ని అడుగులు పైకి లేపారు, పెద్ద పెద్ద ఇటుక భవనాలను జాకీలు పెట్టి ఎత్తారు. ఊరి మురుగు నదిలోకి, నది మిషిగన్ సరస్సులోకి, తాగే నీళ్లు అదే సరస్సు నుంచి. 1891లో టైఫాయిడ్‌తో లక్ష మందికి 170 మందికి పైగా చనిపోయారు. చివరికి 28 మైళ్ల కాలువ తవ్వి, 1900 జనవరిలో నది పారే దిశనే వెనక్కి తిప్పేశారు. మురుగు సరస్సులోకి కాకుండా మిసిసిపీ వైపు పోయింది, దిగువన ఉన్న సెయింట్ లూయిస్ వైపు నుంచి మిజూరీ రాష్ట్రం సుప్రీంకోర్టుకు వెళ్లినా లాభం లేకపోయింది.

నదిని వెనక్కి తిప్పగలిగిన ఊరు, ఒక సందులో చెత్త ఎందుకు ఎత్తలేకపోయింది? సరస్సు నీళ్లు కోటీశ్వరుడూ తాగుతాడు, కూలీ తాగుతాడు. నిప్పు కూడా ఇద్దరి ఇంటికీ వస్తుంది. కాబట్టి వాటి మీద డబ్బు పెట్టారు. సందులో చెత్త, పెరట్లో మరుగుదొడ్డి, గాలిరాని గది మాత్రం పేదవాడి ఇంటి గడప దాటవు, కనీసం వాళ్లు అలా అనుకున్నారు. అందరికీ తగిలే కష్టాన్ని ఇంజనీర్లు తీర్చారు, కొందరికే తగిలే కష్టాన్ని ఆ కొందరికే వదిలేశారు. పారిశ్రామిక అమెరికా నగరాల్లో ఏది బాగుపడింది, ఏది పడలేదు అన్నది చాలా వరకు ఈ ఒక్క గీతతో విడిపోతుంది.

ఆ గీతకు అవతలి వైపు ఎలా ఉండేదో హాల్‌స్టెడ్ వీధిలోని హల్ హౌస్ వాళ్లు పూసగుచ్చినట్టు రాసి పెట్టారు. 1889లో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ అనే ఇద్దరు చదువుకున్న మహిళలు హల్ హౌస్ అనే పాత బంగళా తీసుకుని ఆ పేదల పేటలోనే కాపురం పెట్టారు. 1895లో వాళ్లు అచ్చు వేసిన పటాల్లో, చదరపు మైలులో మూడో వంతు నేల మీద 18 దేశాలవాళ్లు ఇంటింటికీ రంగులతో కనిపిస్తారు. ఇంకో పటంలో వారానికి 5 డాలర్లలోపు వచ్చే ఇళ్లు నల్లరంగులో ఉంటాయి. ఆ ఏడాదే జేన్ ఆడమ్స్ తన వార్డుకు చెత్త ఇన్‌స్పెక్టర్‌గా చేరి, తెల్లవారుజామున చెత్త బండ్ల వెంట తిరిగింది. ఒక ఇరుకు వీధిలో చెత్త తవ్వుతుంటే 18 అంగుళాల కింద, అంటే సరిగ్గా మూరెడు లోతున, రాళ్లు పరిచిన రోడ్డు బయటపడింది. అక్కడ అలాంటి రోడ్డు ఉన్నట్టు ఆ తర్వాతే నగర రికార్డుల్లో కనిపించింది.

1902లో మళ్లీ టైఫాయిడ్ వచ్చింది. నగర జనాభాలో 36వ వంతు ఉండే ఆ వార్డులో టైఫాయిడ్ చావులు నగరం మొత్తంలో ఆరో వంతు. హల్ హౌస్‌లో ఉండే డాక్టర్ ఆలిస్ హామిల్టన్ మరుగుదొడ్లలోని ఈగలు పట్టి పరీక్షించి, వాటి వల్లే రోగం పాకిందని రాసింది. మంచి పేరొచ్చింది, ఆరోగ్య శాఖలో కొంత ప్రక్షాళన కూడా జరిగింది. కొన్నాళ్లకు ఆమెకే తెలిసింది, అసలు కారణం వేరు అని. పంపింగ్ స్టేషన్‌లో లీకేజీ వల్ల మూడు రోజుల పాటు మురుగు నేరుగా తాగునీటి పైపుల్లో కలిసింది, అధికారులు దాన్ని దాచిపెట్టారు. పేదవాడి అశుభ్రతే రోగానికి కారణం అన్న నమ్మకం అంత బలంగా ఉండేది కాబట్టే పైపు వైపు ఎవరి చూపూ పోలేదు.

ఇక వార్డు రాజకీయం. ఆ వార్డు ఆల్డర్‌మన్, అంటే సిటీ కౌన్సిల్ సభ్యుడు, జానీ పవర్స్ ఐరిష్‌వాడు, ఓటర్లలో అప్పటికే ఇటాలియన్లు బాగా పెరిగారు. అయినా అతన్ని ఓడించడానికి జేన్ ఆడమ్స్ బృందం 1896లోనూ 1898లోనూ చేసిన ప్రయత్నాలు ఫలించలేదు. జనం మూర్ఖులు, డబ్బుకు అమ్ముడుపోయారు అని తేల్చేయడం సులువు. ఆమె అలా తేల్చేయలేదు, ఓడిపోయాక కారణం వెతికింది. పవర్స్ ఉద్యోగం ఇప్పిస్తాడు, అరెస్టయిన కుర్రాడికి జామీను నిలబడతాడు, పండక్కి టర్కీ కోళ్లు పంచుతాడు, పేదవాడి శవయాత్రకు బండ్లు ఏర్పాటు చేస్తాడు. హల్ హౌస్ శిశు కేంద్రంలో ఎవరో వదిలేసిన పసిబిడ్డ చనిపోతే, కౌంటీ ఖర్చుతో పూడ్పించడానికి వాళ్లు ఏర్పాటు చేశారు. ఆ సంగతి తెలిసి పేటలోని జనం మండిపడ్డారు, అప్పటికప్పుడు చందాలు వేసుకున్నారు. సర్కారు బండిలో అనాథ శవంలా పోవడం కన్నా ఘోరం వాళ్ల దృష్టిలో లేదు. ఆ భయం పవర్స్‌కు తెలుసు, చదువుకున్న సంస్కర్తలకు అప్పటి దాకా తెలియలేదు.

పవర్స్ పంచిన డబ్బు మాత్రం ఆకాశం నుంచి ఊడిపడలేదు. ట్రామ్ లైన్ల హక్కుల కోసం చార్లెస్ యెర్క్స్ లాంటి వ్యాపారులు సిటీ కౌన్సిల్‌లో డబ్బు గుమ్మరించేవారు, ఆ హక్కులు నగరానికి రావలసిన దానికన్నా చవగ్గా పోయేవి. వార్డువాసి ప్రతిరోజూ కిక్కిరిసిన ట్రామ్‌లో 5 సెంట్లు కట్టి నిలబడి వెళ్లి, ఏడాదికోసారి కోడి అందుకునేవాడు. ఆ లెక్క అతనికి తెలియదని కాదు. కోడి ఇచ్చేవాడు ఒకడున్నాడు, ట్రామ్ బాగుచేసేవాడు ఎవడూ కనపడలేదు.

అడిగితే ఏమవుతుందో 1886 చూపించింది. మే 4న హేమార్కెట్ అనే చోట జరిగిన కార్మికుల సభలో ఎవరో బాంబు విసిరారు, పోలీసులు ఏడుగురు చనిపోయారు. విసిరింది ఎవరో తేలనే లేదు. విచారణ ఎదుర్కొన్న ఎనిమిది మందిలో ఆరుగురు విదేశాల్లో పుట్టినవాళ్లు, వాళ్లలో ఐదుగురు జర్మన్లు. అందులో ఒకరైన ఆగస్ట్ స్పీస్ కార్మికుల జర్మన్ దినపత్రిక సంపాదకుడు. 1887 నవంబర్‌లో నలుగురిని ఉరితీశారు, ఒకరు అంతకు ముందు రోజు జైల్లోనే చనిపోయారు. మిగిలిన ముగ్గురికి గవర్నర్ ఆల్ట్‌గెల్డ్ విచారణ అన్యాయంగా జరిగిందని రాసి మరీ క్షమాభిక్ష ఇచ్చాడు. ఆయనా జర్మనీలో పుట్టినవాడే. ఆ సంతకం పెట్టింది 1893 జూన్‌లో, వివేకానందుడు అదే ఊళ్లో వేదిక ఎక్కడానికి మూడు నెలల ముందు. తెల్లటి ప్రదర్శనశాలలు చూడటానికి లక్షల మంది వస్తున్న వేసవి అది.

మొదటి ప్రపంచయుద్ధం మొదలవగానే యూరప్ ఓడలు ఆగిపోయాయి, ఫ్యాక్టరీలకు మనుషులు కావాల్సి వచ్చింది. దక్షిణ రాష్ట్రాల నుంచి నల్లజాతివాళ్లు రైళ్లెక్కి వచ్చారు. 1910లో షికాగోలో 44 వేలున్న వాళ్లు 1920కి లక్షా 9 వేలు దాటారు. వాళ్లు అమెరికా పౌరులు, మాట్లాడేది ఇంగ్లిషే. అయినా చెక్, పోలిష్ కుటుంబాలకు దొరికిన సొంతింటి దారి వాళ్లకు దొరకలేదు, దక్షిణం వైపు ఒక సన్నటి పట్టీలో ఇరికించేశారు. 1919 జూలైలో మొదలైన అల్లర్లలో 38 మంది చనిపోయారు, వాళ్లలో 23 మంది నల్లవాళ్లు. వలస కథను కష్టపడితే ఎవరైనా పైకొస్తారు అన్న ఒక్క ముక్కగా చెప్పేవాళ్లు ఈ భాగాన్ని వదిలేస్తుంటారు, వదిలేస్తే ఆ కథ నిజం కాకుండా పోతుంది.

తలుపులు మూసే పని కూడా ముక్కలు ముక్కలుగా జరిగింది. 1882లో చైనా కూలీలకు, 1917లో భారత్ సహా ఆసియాలో చాలా భాగానికి. 1924 చట్టం 1890 జనాభా లెక్కలను ఆధారంగా తీసుకుని ఒక్కో దేశానికి 2 శాతం కోటా పెట్టింది. 1890నే ఎందుకు ఎంచుకున్నారంటే, అప్పటికి ఇటాలియన్లు, పోలండ్‌వాళ్లు, యూదులు ఇంకా పెద్దగా రాలేదు కాబట్టి. యుద్ధానికి ముందు ఏడాదికి 2 లక్షలకు పైగా వచ్చిన ఇటలీకి మిగిలిన కోటా 3,845. 1965లో చట్టం మారే దాకా ఈ దేశాలవారీ లెక్కే నడిచింది. తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు అమెరికాలో చెప్పుకోదగ్గ సంఖ్యలో దిగింది ఆ తర్వాతే. డిగ్రీ చూసి వీసా ఇచ్చే పద్ధతిలో వచ్చిన వాళ్లలో చాలామంది బోర్డర్ల ఇళ్లు చూడకుండా నేరుగా శివార్లకు వెళ్లారు, బాలాజీ గుడి ఉన్న అరోరా లాంటి చోట్లకు.

1924 చట్టం మెక్సికోకి కోటా పెట్టలేదు. ఉక్కు ఫ్యాక్టరీలు, యార్డులు అటు చూశాయి, హల్ హౌస్ చుట్టుపక్కల మెక్సికన్ కుటుంబాలు స్థిరపడ్డాయి. 1960లలో యూనివర్సిటీ క్యాంపస్ కోసం ఆ పేటను కూల్చేసినప్పుడు, హల్ హౌస్‌లో ఒకటి రెండు కట్టడాలు మిగిల్చి తక్కినవన్నీ పడగొట్టారు, అక్కడివాళ్లు దక్షిణానికి జరిగి పిల్సెన్‌లోకి వెళ్లారు. చెక్‌లు తమ ప్ల్జెన్ పట్నం పేరు పెట్టుకున్న పేట అది. వాళ్లు కూలీ డబ్బుల్లోంచి చందాలు వేసుకుని కట్టిన సెయింట్ ప్రొకోపియస్ చర్చి ఇప్పటికీ ఉంది, ప్రార్థన మాత్రం ఎక్కువగా స్పానిష్‌లో జరుగుతుంది.